ఒకే తెర, యాభై మంది పిల్లలు: డిజిటల్ పాఠాలను తరగతిలో మీరెలా వాడుతున్నారు?

ప్రశ్న: సైన్స్ ఉపాధ్యాయురాలు

నేను ప్రభుత్వ పాఠశాలలో పై తరగతులకు సైన్స్ చెబుతాను. మా గదిలో గోడకు బిగించిన పెద్ద టచ్ తెర ఉంది. ప్రతి పాఠానికీ వీడియోలు నింపిన పెన్ డ్రైవ్ కూడా ఇచ్చారు. ఇంటర్నెట్ ఉన్న రోజు ఉంటుంది, లేని రోజు ఉండదు. పిల్లల చేతుల్లో ట్యాబులు గానీ ఫోన్లు గానీ లేవు. యాభై మందికీ ఆ ఒక్క తెరే.

వీడియో పెట్టగానే గది సద్దుమణుగుతుంది. తలుపు దగ్గర నిలబడి చూసేవారికి అది శ్రద్ధలా కనిపిస్తుంది. మర్నాడు అడిగితే పిల్లలు బొమ్మలు చెబుతారు, కారణం చెప్పలేరు. విద్యుత్ వలయాల వీడియో చూసిన మర్నాడు "బల్బు గుండా వెళ్లాక కరెంటు ఏమవుతుంది?" అని అడిగాను. "బల్బు కొంత వాడేసుకుంటుంది, మిగిలింది వెనక్కి వస్తుంది" అన్నారు. అది తప్పని వీడియోలో స్పష్టంగానే ఉంది. వాళ్లు విన్నారు, తలలూపారు. అయినా పాత నమ్మకం చెక్కుచెదరలేదు.

ఇది చాలదన్నట్టు ఒక రిజిస్టరు. తేదీ, పాఠం పేరు, తెర ఎన్ని నిమిషాలు నడిచింది, నా సంతకం. పిల్లలకు ఏమి అర్థమైందో రాయడానికి అందులో గడి లేదు. నిమిషాలు ఎక్కువగా ఉన్న టీచరు బాగా చెబుతున్నట్టు లెక్క. ఇది నన్ను నిజంగా బాధపెడుతోంది.

తెర వద్దని నేను అనడం లేదు. కణ విభజనను బోర్డు మీద గీస్తే నాలుగు విడి బొమ్మలవుతాయి, ఒక దశ నుంచి మరో దశకు జరిగే కదలిక అందులో కనిపించదు. అలాంటి చోట తెర విలువ నాకు తెలుసు. ఏ పాఠానికి దాన్ని వాడాలి, ఏ పాఠానికి మూసేయాలి? చూస్తూ కూర్చున్న పిల్లవాణ్ణి ఆలోచనలోకి దించడానికి మీరేమి చేస్తున్నారు? నెట్ లేకుండా పనిచేసే మంచి సామగ్రి ఏముంది? తరగతి గదిలో పనిచేసేవారు చెబితే నాకు మేలు.

జవాబు: భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు

మేడమ్, మీ పిల్లల జవాబు వినగానే నా తరగతి కళ్లముందు కనిపించింది. కరెంటును బల్బు తినేస్తుందన్న నమ్మకం ఏ దేశంలో పిల్లలను అడిగినా వినిపిస్తుంది. కారణం సులభం. బల్బు వెలగాలంటే ఏదో ఒకటి ఖర్చు కావాలి కదా అని వాళ్లు ఆలోచిస్తారు. ఆ ఆలోచన సగం నిజం కూడా. ఖర్చయ్యేది శక్తి, ప్రవాహం కాదు. ఇంత బలమైన తర్కం ఉన్న నమ్మకాన్ని వీడియోలో ఒక గొంతు "ఇది తప్పు" అన్నంత మాత్రాన ఎవరూ వదులుకోరు. తన ఊహ ఏమిటో పిల్లవాడు ముందు బయటపెట్టాలి. అది తన కళ్లముందే ఓడిపోవాలి. నా బోధన అంతా ఈ రెండు వాక్యాల మీదే నడుస్తోంది.

దీనికి గట్టి ఆధారం ఉంది. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ బృందం తరగతి గది ప్రదర్శనల మీద చేసిన అధ్యయనం 2004లో వెలువడింది. ప్రయోగాన్ని ఊరికే చూసిన విద్యార్థులు అసలు చూడని వారికంటే పెద్దగా మెరుగు పడలేదు. ఏమి జరుగుతుందో ముందుగా ఊహించి, ఆ తరువాత చూసినవారికి మాత్రం విషయం బాగా అర్థమైంది. ఊహించడానికి పట్టిన అదనపు సమయం కొద్ది నిమిషాలే. అది చదివాక, ముందు ప్రశ్న లేకుండా నేను తెర వెలిగించడం లేదు.

మీ వలయం పాఠమే తీసుకుందాం. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఫెట్ అనే ఉచిత నమూనాల సంకలనం ఉంది, అంటే తెరమీదే చేసి చూసే ప్రయోగాలు. నోబెల్ బహుమతి పొందిన భౌతికశాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టారు. అందులో వలయాలు కట్టే నమూనా ఒకటి ఉంది. బ్యాటరీ, తీగలు, బల్బులు, స్విచ్చి, కరెంటును కొలిచే అమ్మీటరు, వోల్టుమీటరు అన్నీ వేలితో లాగి కలపవచ్చు. తీగలో ఎలక్ట్రాన్లు చిన్న నీలి చుక్కలుగా కనిపిస్తాయి. ఒకసారి దిగుమతి చేసుకుంటే నెట్ లేకుండానే బ్రౌజరులో తెరుచుకుంటుంది. నమూనాలలోని మాటలను ఏ భాషలోకైనా అనువదించే వీలును కూడా స్వచ్ఛంద కార్యకర్తలకు ఇచ్చారు.

నేను ఒక బ్యాటరీకి రెండు ఒకే రకం బల్బులను శ్రేణిలో, అంటే ఒకదాని తరువాత ఒకటిగా కలిపి, కరెంటు పారకుండా స్విచ్చి తెరిచే ఉంచుతాను. ఏ బల్బు ఎక్కువ వెలుగుతుంది? బ్యాటరీకి దగ్గరదా, దూరందా, రెండూ సమానమా? ముందు నోటుపుస్తకంలో ఒక వాక్యం, కారణంతో సహా. తరువాత ఓటు. ఓటు కోసం ఏ పరికరమూ అక్కరలేదు. ఒకటి, రెండు, మూడు వేళ్లు గుండెల దగ్గర పెట్టి చూపమంటాను, పక్కవాడికి కనిపించకుండా. తెలివైన పిల్లవాడు చేయెత్తగానే మిగతావాళ్లంతా అటే మొగ్గడం మనందరికీ తెలిసిందే, అందుకే ఆ జాగ్రత్త. ఓట్లు చీలితే "నీతో ఏకీభవించని వాణ్ణి వెతికి ఒప్పించు" అంటాను. గది గోలగా మారుతుంది. ఆ గోల నాకు కావాలి. మళ్లీ ఓటు. అప్పుడు ఒక పిల్లను పిలిచి స్విచ్చి మూయిస్తాను. రెండు బల్బులూ సమానంగా వెలుగుతాయి.

అక్కడితో ఆపితే పని సగమే అవుతుంది. "సమానంగా వెలిగాయి సరే, కరెంటు మొదటి బల్బు దగ్గర తగ్గిందేమో?" అని నేనే వాదిస్తాను. అమ్మీటరును మొదటి బల్బుకు ముందు, రెండింటి మధ్య, రెండోదాని తరువాత పెట్టిస్తాను. మూడుచోట్లా ఒకే అంకె. ఎవరూ మాట్లాడరు. ఎవరో ఒకరు "అయితే బ్యాటరీ ఎందుకు అయిపోతుంది సార్?" అంటారు. పాఠం అప్పుడు మొదలవుతుంది, మేడమ్. ఆ ప్రశ్న వచ్చాక శక్తి గురించి చెబితే వాళ్లు వినే తీరే వేరు.

ఆ నమూనాలో నాకు ఎంతో ఇష్టమైనది ఇంకొకటి ఉంది. స్విచ్చి మూయగానే తీగంతటా చుక్కలు ఒకేసారి కదులుతాయి. ఎలక్ట్రాన్లు బ్యాటరీలో పుట్టి పరుగెత్తుకుంటూ బల్బును చేరతాయని పిల్లలు అనుకుంటారు. అవి తీగలో ముందే నిండి ఉన్నాయని ఆ ఒక్క దృశ్యం చెబుతుంది. మామూలు తీగలో అవి సెకనుకు ఒక మిల్లీమీటరు కూడా సాగవు, అయినా బల్బు వెంటనే వెలుగుతుంది. దీన్ని బోర్డు మీద ఎంత బాగా గీసినా నేను ఇలా చూపలేను. అయితే తెరమీది చుక్కల పరిమాణం, వేగం నిజమైనవి కావని తప్పకుండా చెప్పండి. లేకపోతే పాత అపోహ పోయి కొత్తది వస్తుంది.

తరువాత నిజమైన బ్యాటరీ, బల్బులతో బృందాలుగా కట్టిస్తాను. నిజమైన బల్బులు అచ్చంగా సమానంగా వెలగవు, ఎందుకంటే రెండు బల్బులు అచ్చంగా ఒకేలా ఉండవు. ఆ తేడా మీద జరిగే చర్చ నాకు తెరమీది పాఠంకన్నా విలువైనది. 2005లో అదే కొలరాడో విశ్వవిద్యాలయం వారు ఒక ఆసక్తికరమైన ఫలితం ప్రచురించారు. నమూనా మీద పనిచేసిన విద్యార్థులు నిజమైన పరికరాలతో పనిచేసినవారికన్నా భావనలలోనే కాక, ఆ తరువాత నిజమైన వలయాన్ని కట్టి వివరించడంలోనూ ముందున్నారు. కానీ ఆ నమూనాను వాళ్లు తమ చేతులతో నడిపారు. మన గదిలో ఆ అవకాశం ఒక్కరికే. అందుకే మిగతావాళ్ల చేతికి ఊహ, ఓటు, వాదన ఇవ్వాలి.

ఏ పాఠానికి వాడాలన్నారు. నేను చూసేది ఒకటే: కంటికి అందనిదా? అతి చిన్నది, అతి పెద్దది, అతి నెమ్మదైనది, అతి వేగమైనది, ప్రమాదకరమైనది అయితే తెర. ఒక్క తీగతో బ్యాటరీ రెండు కొసలనూ కలిపితే ఏమవుతుందో తెరమీదే చూపాలి, అక్కడ మంట బొమ్మ వస్తుంది, ఎవరికీ గాయం కాదు. చేత్తో చేయగలిగినదైతే తెర మూసేయండి. లోలకం, అయస్కాంతం, కప్పీ, విత్తనం మొలకెత్తడం, వీటికి వీడియో చూపడం పిల్లల చేతిలోని పనిని లాక్కోవడమే. చంద్రకళలకు రెండూ కావాలి. పిల్లలు నెల పాటు ఆకాశం చూసి గీయాలి, ఆ తరువాత స్టెల్లేరియం అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కాలాన్ని ముందుకు నడిపి తమ బొమ్మలతో పోల్చుకోవాలి. అదీ నెట్ లేకుండా పనిచేస్తుంది.

మీ దగ్గరున్న వీడియోలను పారేయనక్కరలేదు. శబ్దం ఆపేసి మీ మాటలతో నడపండి. రెండు మూడు నిమిషాలకొకసారి ఆపండి. ఎక్కడ ఆపాలో ముందురోజే చూసి, నిమిషం, సెకను కాగితం మీద రాసుకోండి. ఈ చిన్న కాగితం లేకుండా నేను తరగతికి వెళ్లను. మాట, కదిలే బొమ్మ, తెర నిండా అవే మాటల అక్షరాలు, ఈ మూడూ కలిసి వస్తే అర్థం కావడం తగ్గుతుందని రిచర్డ్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశోధనలు చూపాయి. కంటికి రెండు పనులు ఒకేసారి పడతాయి. వీడియో భాష పిల్లల ఇంటి భాష కానప్పుడు మాత్రం అక్షరాలు సాయపడతాయి. ఏది ఉంచాలో మీ తరగతిని బట్టి మీరే తేల్చుకోవాలి.

జవాబు: గణిత ఉపాధ్యాయురాలు

సార్ చెప్పిన ఊహ మాటకు గణితంలో నా అనుభవం కలుపుతాను.

రేఖాగణిత బొమ్మలను తెరమీద గీసి కదిలించే జియోజీబ్రా అనే సాఫ్ట్‌వేర్‌ను నేను ఎక్కువగా వాడతాను. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో మొదలుపెట్టిన పని అది. పాఠశాలలకు ఉచితం, కంప్యూటర్‌లో పెట్టుకుంటే నెట్ అడగదు. దాని బలమంతా బిందువును పట్టుకుని లాగడంలో ఉంది.

పాఠ్యపుస్తకాల్లో లంబకేంద్రం బొమ్మ చూడండి, అంటే త్రిభుజం శీర్షాల నుంచి ఎదుటి భుజాలకు గీసిన లంబాలు (ఉన్నతులు) కలిసే బిందువు. ఎక్కువ చోట్ల అల్పకోణ త్రిభుజమే గీసి ఉంటుంది, లంబకేంద్రం లోపలే ఉంటుంది. దాంతో అది ఎప్పుడూ త్రిభుజం లోపలే ఉంటుందని పిల్లల మనసులో పడిపోతుంది. నేను ముందు కాగితం మీద స్కేలు, మూలమట్టంతో మూడు ఉన్నతులూ గీయిస్తాను. ఈ మెట్టు నేను ఎన్నడూ వదలను. చేత్తో గీయని పిల్లకు తెరమీద లాగడం ఊరికే ఆట అవుతుంది. తరువాత తెరమీద అదే త్రిభుజం. "ఈ శీర్షాన్ని పక్కకు లాగితే లంబకేంద్రం ఎక్కడికి పోతుంది? మీ కాగితం మీద చుక్క పెట్టండి" అంటాను. కోణం పెరిగేకొద్దీ ఆ బిందువు శీర్షం వైపు జరుగుతుంది, లంబకోణం దగ్గర శీర్షంతో కలిసిపోతుంది, అధికకోణం కాగానే త్రిభుజం బయటకు వచ్చేస్తుంది. అప్పుడు వచ్చే "అరె!" కోసమే నేను ఇంత తయారవుతాను. మధ్యగత రేఖలు కలిసే గురుత్వ కేంద్రంతోనూ అదే అడగండి. ఎంత లాగినా అది బయటకు రాదు. ఎందుకు రాదు అన్నదానికి ఒక పీరియడ్ అంతా పోయినా నాకు చింత లేదు.

ఒక్క హెచ్చరిక. లాగి చూస్తే ప్రతిసారీ నిజమైంది కాబట్టి రుజువైపోయిందని పిల్లలు అనుకుంటారు. తెర ఈ అపోహను పెంచుతుంది, ఎందుకంటే అది క్షణంలో వంద ఉదాహరణలు చూపించగలదు. నేను వాళ్లకు ఈ లెక్క ఇస్తాను: ఒక సంఖ్యను దానితోనే గుణించండి, ఆ సంఖ్యను కలపండి, 41 కలపండి. 0 నుంచి 39 దాకా ఏది పెట్టినా ప్రధాన సంఖ్యే వస్తుంది. స్ప్రెడ్‌షీట్‌లో వరుసగా దించుతుంటే నమ్మకం గట్టిపడుతూ పోతుంది. 40 దగ్గర 1681 వస్తుంది. అది 41ని 41తో గుణిస్తే వచ్చేది. నలభై ఉదాహరణలు నిలబడి నలభై ఒకటోది కూలిపోవడం చూసిన పిల్ల, రుజువు ఎందుకు కావాలని మళ్లీ అడగదు.

జవాబు: పాఠశాల కమిటీ సభ్యుడు, ఇద్దరు పిల్లల తండ్రి

నేను టీచరును కాను. కంప్యూటర్లు బిగించి మరమ్మతు చేసే పని నాది, మా పిల్లలు ప్రభుత్వ బడిలో చదువుతున్నారు. మా కమిటీలో ఎప్పుడూ ఎన్ని పరికరాలు వచ్చాయన్నదే చర్చ. పెరూ దేశం కథ అక్కడ అందరూ తెలుసుకోవాలని నా కోరిక.

పిల్లకొక లాప్‌టాప్ అన్న ఆలోచనను అమెరికాలోని ఎంఐటీ ఆచార్యుడు నికొలస్ నెగ్రోపాంటే 2005లో ప్రపంచం ముందు పెట్టారు. పెరూ ప్రభుత్వం లక్షల్లో కొన్నది. గ్రామీణ ప్రాంతాల్లోని 319 ప్రాథమిక పాఠశాలలను పరిశీలించిన అధ్యయనం 2012లో వచ్చింది. కంప్యూటర్ల వాడకం బాగా పెరిగింది, గణితంలో, భాషలో మార్కులు మాత్రం పెరిగినట్టు ఆధారం దొరకలేదు. కొన్ని సాధారణ ఆలోచనా నైపుణ్యాల్లో కొంత మెరుగుదల కనిపించింది, అది కూడా చెప్పాలి. పెట్టె వచ్చింది, బోధన మాత్రం పాత పద్ధతిలోనే సాగింది.

దీని పక్కన ఢిల్లీ అధ్యయనాన్ని పెట్టి చూడండి. 2019లో ప్రచురితమైంది. పిల్లవాడు ఏ స్థాయిలో ఉన్నాడో పసిగట్టి అక్కడి నుంచే లెక్కలిచ్చే సాఫ్ట్‌వేర్‌ను బడి అయ్యాక నడిచే కేంద్రాల్లో వాడారు. నాలుగున్నర నెలల్లోనే గణితంలో, హిందీలో స్పష్టమైన మెరుగుదల వచ్చింది. చాలామంది పిల్లలు తమ తరగతి కంటే ఎన్నో ఏళ్లు వెనుక ఉన్నారు. తరగతి పాఠ్యాంశం వాళ్ల తలమీదుగా పోతోంది. ఆ యంత్రం ఎనిమిదో తరగతి పిల్లవాడికి అవసరమైతే నాలుగో తరగతి లెక్క ఇచ్చింది, ఎవరూ నవ్వకుండా. అక్కడ ప్రతి పిల్లకూ ఒక కంప్యూటర్ ఉందన్నది మరవకూడదు. గోడమీది ఒక్క తెర ఈ పని చేయలేదు. కాబట్టి మా కమిటీకి నేను చెప్పేది, ముందు ఏ పని కావాలో తేల్చుకోండి, తరువాతే ఏ పరికరమో మాట్లాడుదాం.

మేడమ్, మీకు పనికొచ్చే మాట ఒకటి. చివరి బెంచీ నుంచి అక్షరాలు కనబడుతున్నాయో లేదో అక్కడ కూర్చుని చూడండి. వివరంగా చదవాల్సిన విషయానికి, తెర ఎత్తుకు ఆరు రెట్లకు మించిన దూరంలో ఎవరూ కూర్చోకూడదన్నది మా పనిలో వాడే లెక్క. 75 అంగుళాల తెర ఎత్తు సుమారు 93 సెంటీమీటర్లు. అంటే అయిదున్నర మీటర్లు దాటితే చిన్న అక్షరాలు అందవు. 65 అంగుళాలదైతే అయిదు మీటర్ల లోపే. యాభై మంది ఉన్న గదిలో వెనుక వరుసలు దీన్ని దాటే ఉంటాయి. అక్షరాలు పెద్దవి చేయండి, కిటికీ వెలుగు తెరమీద పడకుండా చూడండి. వీడియో పెట్టగానే వచ్చే ఆ నిశ్శబ్దంలో కొంత భాగం ఏమీ కనబడని పిల్లలదే కావచ్చు.

ఇంకొకటి. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, ఫొటోలు అడిగే యాప్ ఏదైనా వస్తే వెంటనే ఎక్కించకండి. 49 దేశాల్లో ప్రభుత్వాలు సిఫారసు చేసిన విద్యా యాప్‌లను హ్యూమన్ రైట్స్ వాచ్ అనే అంతర్జాతీయ హక్కుల సంస్థ 2022లో పరిశీలించినప్పుడు, వాటిలో 89 శాతం పిల్లల సమాచారం విషయంలో వారి హక్కులకు భంగం కలిగించేలా లేదా ప్రమాదం తెచ్చేలా ఉన్నాయని తేలింది. పేరు అక్కరలేని సామగ్రి ఉండగా పేరు ఇవ్వడం దేనికి?

అడిగినవారు: సైన్స్ ఉపాధ్యాయురాలు

ముగ్గురికీ ధన్యవాదాలు. చివరి బెంచీ మాట చదివిన మర్నాడే వెళ్లి అక్కడ కూర్చున్నాను. పెన్ డ్రైవ్ వీడియోల్లోని పటాల మీద భాగాల పేర్లు అక్కడికి అసలు కనబడటం లేదు. ఇకమీదట పేర్లున్న పటం బోర్డు మీద పెద్దగా గీసి, కదలిక మాత్రం తెరమీద చూపుతాను.

వలయం ప్రశ్న కూడా వేళ్ల ఓటుతో అడిగాను. బ్యాటరీకి దగ్గరి బల్బే ఎక్కువ వెలుగుతుందని ఎక్కువమంది పట్టుబట్టారు. ఎప్పుడూ నోరు విప్పని ఒక పాప లేచి, "దూరపు బల్బుకు మిగిలిందే వస్తుంది కదా టీచర్" అంది. తప్పే, కానీ తన సొంత ఆలోచన, కారణంతో సహా చెప్పింది. వీడియో నడిచిన ఏ పీరియడ్‌లోనూ ఆ గొంతు నేను వినలేదు. స్విచ్చి ఆ పాప చేతే మూయించాను. తెర నడిచింది చాలా కొద్దిసేపు. మిగతా పీరియడ్ అంతా వాళ్లే మాట్లాడారు.

ఇప్పుడు రెండు సందేహాలు. నా తరగతిలో చూపు బాగా తక్కువగా ఉన్న పిల్లవాడు ఒకడున్నాడు. తెర వెలిగినప్పుడల్లా వాడు ఆ పాఠం నుంచి బయటపడిపోతున్నాడేమోనని దిగులుగా ఉంది. రెండోది మళ్లీ ఆ రిజిస్టరే. ఇలా చెబితే నా నిమిషాలు బాగా తగ్గిపోతాయి. పై నుంచి అడిగితే ఏమి చూపాలి?

జవాబు: ప్రత్యేక అవసరాల పిల్లల ఉపాధ్యాయురాలు

మీ మొదటి సందేహానికి నేను చెబుతాను. తెర దగ్గర నిలబడి మనం ఎన్నిసార్లు "ఇక్కడ చూడండి", "ఇది ఇలా పోతుంది" అంటామో గమనించండి. చూపు అందని పిల్లవాడికి ఆ వాక్యాల్లో ఏ సమాచారమూ లేదు. "కరెంటు ఎడమవైపు బల్బు గుండా పోయి కుడివైపు బల్బుకు చేరుతోంది" అనండి. చూసే పిల్లలకు కూడా ఇదే మేలు, పాఠం భాషలో వాళ్లకు పట్టు వస్తుంది.

ముందురోజు అట్టముక్క మీద దారం అతికించి అదే వలయం చేసి వాడి చేతికివ్వండి. బల్బుల చోట గుండీలు పెట్టండి. తెరమీద మీరు చెబుతుంటే వాడి వేలు దారం వెంట నడుస్తుంది. ఓటు వేళ్లతోనే కాబట్టి వాడూ అందరితో సమానంగా వేస్తాడు. వాడి పక్కన కూర్చున్న పిల్లకు, కనిపించింది మాటల్లో చెప్పే పని అప్పగించండి.

రంగుల విషయం కూడా మరవకండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని పిల్లలు, ముఖ్యంగా మగపిల్లలు, దాదాపు ప్రతి పెద్ద తరగతిలోనూ ఉండే అవకాశం ఉంది, చాలాసార్లు వాళ్లకే తెలియదు. "ఎర్ర తీగ" అని ఊరుకోకుండా "పైన ఉన్న ఎర్ర తీగ" అంటే చాలు. కంప్యూటర్ దొరికితే ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరమీది పాఠాన్ని చదివి వినిపిస్తుంది, తెలుగు గొంతు కూడా ఉంది. ఫెట్ నమూనాల్లో కొన్నింటికి శబ్దంతో వివరణ, కీబోర్డుతో నడిపే వీలు ఉన్నాయి. అన్నింటికీ లేవు, ముందుగా తెరిచి చూసుకోండి.

జవాబు: భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు

రిజిస్టరు గురించి, మేడమ్. నిమిషాలు ఎన్ని ఉంటే అన్నే రాయండి. ఏడు నిమిషాలైతే ఏడే. దాని పక్కన ఖాళీలో మూడు విషయాలు చేర్చండి: అడిగిన ప్రశ్న, మొదటి ఓటులో సరైన జవాబు ఎంతమంది ఇచ్చారు, చర్చ తరువాత ఎంతమంది ఇచ్చారు. వారం తరువాత తెర లేకుండా అదే ప్రశ్నను కాస్త మార్చి అడిగి ఆ అంకె కూడా రాయండి. వలయానికైతే రెండు బల్బుల బదులు మూడు పెట్టండి. నేను ఇలాగే రాస్తున్నాను. తనిఖీకి వచ్చినవారు ఆ అంకెల దగ్గర ఆగి, ఇదేమిటని అడుగుతారు. అప్పుడు ఆ ప్రశ్ననే వాళ్లనూ అడుగుతాను, ఓటు వేయమంటాను. నిమిషాల గురించి మాట మళ్లీ రాదు. మీ ప్రధానోపాధ్యాయులతో మాట్లాడి, ఈ గడులు రిజిస్టరులోనే శాశ్వతంగా చేర్చమని అడగండి. పై అధికారులకు నిమిషాలు తప్ప మరో లెక్క మనం ఇవ్వనంత కాలం వాళ్లు నిమిషాలనే లెక్కపెడతారు.

వారం తరువాతి అంకె తగ్గితే దాచవద్దు. నా తరగతిలోనూ తగ్గుతుంది. ఏ ప్రశ్నకు ఎక్కువ తగ్గిందో చూస్తే, మళ్లీ ఏది చెప్పాలో తెలుస్తుంది.

కణ విభజన అన్నారు కదా, దానికి నేను వాడే ప్రశ్న రాస్తున్నాను. ఉల్లి వేరు కొనలోని కణంలో 16 క్రోమోజోములు (జన్యు సమాచారం మోసే పోగులు) ఉంటాయి. సమవిభజన పూర్తయ్యాక ఒక్కో పిల్ల కణంలో ఎన్ని ఉంటాయి? 8, 16, 32. వీడియోను మధ్యస్థ దశ దగ్గర, క్రోమోజోములు వరుసలో నిలిచినప్పుడు ఆపి ఓటు వేయించండి. చాలామంది 8 అంటారు, రెండుగా విడిపోతే సగం కావాలి కదా అని. విభజనకు ముందే ప్రతి క్రోమోజోమూ తన నకలు చేసుకుని రెండు క్రోమాటిడ్లుగా, అంటే అతుక్కుని ఉన్న రెండు ఒకేలాంటి పోగులుగా ఉందన్న సంగతి వాళ్లు గమనించి ఉండరు. జవాబు 16 అని వెంటనే చెప్పేయకండి. దాని తరువాత వచ్చే చలన దశను నెమ్మదిగా నడిపి, విడిపోయేవి ఏమిటో వాళ్లనే లెక్కపెట్టమనండి. చూపు తక్కువున్న పిల్లవాడికి జంటగా కట్టిన దారం ముక్కలు ఇవ్వండి. వాడు విడదీసి లెక్కపెట్టి చెప్పే అంకెనే తరగతి అంతా తెరమీద సరిచూసుకోవచ్చు.